కేసీ కాలువ గుంటలో దొరికిన నల్లగీత చేప ఏ రకం? సోమవారం లోపల తేలాలి

ఆటో అబ్బీ, కర్నూలు
గురువారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. నేను కర్నూలులో ఆటో తోలుతాను. చేపల విషయంలో నాకు తెలిసినవి రెండే, వేపుడు, పులుసు. అట్లాంటివాణ్ని నాలుగు రోజులుగా ఒక వేలెడు చేప పేరు కోసం తిప్పలు పడుతున్నా. తెలిసినవాళ్ళు చెప్పండి, పుణ్యముంటుంది.

పోయిన ఆదివారం కిరాయిలు లేక మా పాపను వెనక కూర్చోబెట్టుకుని కేసీ (కర్నూలు-కడప) కాలువ గట్టు వెంబడి పోయినాను. కాలువకు నీళ్ళు ఆపి మూడు వారాలైంది. అడుగున రాళ్ళు తేలినాయి, పిల్లలు క్రికెట్ ఆడుకుంటున్నారు. నీళ్ళు మెట్టు దిగి పడే చోట మాత్రం మోకాలి లోతు గుంట ఒకటి మిగిలింది. అందులో చేపలు మెరుస్తుంటే పాప ఆగలేదు. నా తువ్వాలు చెరొక కొస పట్టుకుని ఈడ్చినాం. తొమ్మిది పడినాయి. బురదలో దిగిన నా చెప్పుల్లో ఒకటే తిరిగొచ్చింది, అది వేరే సంగతి.

చేప ఎట్లుందంటే, పాప స్కేలు పెట్టి కొలిస్తే ఐదున్నర సెంటీమీటర్లు. సన్నగా, పక్కలు నొక్కినట్టు. వీపు నువ్వులనూనె రంగు, పొట్ట వెండి. కంటి దగ్గర మొదలై తోక దాకా ఒకటే నల్లగీత, స్కెచ్ పెన్నుతో గీసినట్టు. దానిపైన బంగారు జరీ లాంటి సన్నని మెరుపు. తోక కత్తెర మాదిరి చీలింది. నోరు కొంచెం పైకి తిరిగి ఉంది.

అసలు చిక్కు ఇది. పాప అయిదో తరగతి. బడిలో ‘మన ఊరి జీవులు’ అని చార్టు వేసుకుని రమ్మన్నారు, సోమవారం ఇవ్వాలి. ఇదేం చేప నాన్నా అంటే, అక్వేరియం షాపులో ఎప్పుడో చూసిన గుర్తుతో ‘జీబ్రా చేప’ అని చెప్పేసినాను. అది పెద్దక్షరాలతో రాసేసుకుంది కూడా. తర్వాత పక్కింటి ఇంటర్ పిల్లోడు వచ్చి, జీబ్రాకు ఒక్క గీత ఉండదు, చాలా ఉంటాయి అన్నాడు. పాప నా మొహం చూసి, ‘తెలీకపోతే తెలీదని చెప్పొచ్చు కదా నాన్నా’ అంది. ఆ మాట నాకు బాగా తగిలింది.

ఇంకో రెండు సంగతులు. వీటిని తెల్ల పెయింటు బకెట్టులో పెట్టినాం. బుధవారానికి గీత పాలిపోయింది, రోగమేమో అని భయం. అదీగాక దాదాపు రోజూ తెల్లవారేసరికి ఒకటి నేల మీద ఎండి పడి ఉంటోంది. ఇప్పటికి మూడు పోయినాయి, ఆరు మిగిలినాయి. మా అమ్మ, అంటే పాపకు జేజి, ‘రోజుకొకటి నేలపాలు చేసే బదులు నాకిస్తే చింతచిగురులో వేసి పెడతాను కదరా’ అంటోంది. ఫోటోలు రెండు పెట్టినాను, చూడండి.


గుంతకల్లు కుర్రోడు
గురువారం, రాత్రి 11:05

అన్నా అది జీబ్రానే. గీత ఉంది కదా. ఆన్‌లైన్‌లో కొట్టి చూడు.


చెరువు కింద ఇల్లు, బుక్కపట్నం
శుక్రవారం, ఉదయం 6:20

జీబ్రా కాదు ఏం కాదు. కొర్రమీను పిల్లలు అవి. మా చెరువులో వాన పడినాక గుంపులు గుంపులుగా తిరుగుతాయి, కింద తల్లి కాపలా ఉంటుంది. చిన్నప్పుడు వాటికీ పక్కన చార ఉంటుంది. పెంచుకో, ఏడాదికి కిలో అవుతుంది.


జువాలజీ మేడం, కడప
శుక్రవారం, ఉదయం 7:50

తమ్ముడూ, మీ ఫోటోల్లో నాకు కనిపిస్తున్నవి ఆరు వీపులు, ఒక బకెట్టు, మీ కాలి బొటనవేలు. చేపను పైనుంచి తీస్తే ఎవరూ చెప్పలేరు. పక్క నుంచి తీయాలి. స్వీట్ల షాపులో అరకిలో మిఠాయి పెట్టిచ్చే సన్నని ప్లాస్టిక్ డబ్బా ఉంటుంది చూడండి, అందులో నీళ్ళు పోసి ఒక్కదాన్నే వదలండి. వెనక నల్ల కాగితం, పక్కన స్కేలు. ఫ్లాష్ వద్దు, పొలుసుల మీద పడి అంతా తెల్లగా వస్తుంది.

రంగుకు కంగారు పడకండి. చేప చర్మంలో నల్లరంగు కణాలుంటాయి. అడుగు తెల్లగా ఉంటే ఆ రంగు ఒక్క చుక్కకు ముడుచుకుంటుంది, నల్లగా ఉంటే పరుచుకుంటుంది. ఏ నల్ల బకెట్టులోనో కొంతసేపు ఉంచితే గీత మళ్ళీ వస్తుంది. రోగం కాదు.

ఇప్పుడు పై రెండు జవాబుల సంగతి. జీబ్రాకు నీలిగీతలు ఒంటి పొడవునా చాలా ఉంటాయి, అవి తోక వాజం మీదికి, కింద ఉండే పాయు వాజం మీదికి కూడా సాగుతాయి. (మేం వాజం అనేది మీరు రెక్క అనేదే.) మీ చేప గీత తోక మొదట్లోనే ఆగిపోయింది. పైగా జీబ్రా నాలుగు సెంటీమీటర్లు దాటడం అరుదు. కొర్రమీను అస్సలు కాదు. దాని వీపు వాజం తల వెనక మొదలై తోక దాకా పొడుగునా ఉంటుంది, తోక గుండ్రం. మీ పాప కొలిచిన చేపకు తోక కత్తెర మాదిరి ఉంది కదా, అక్కడికే తేలిపోయింది. బుక్కపట్నం వారు చెప్పిన గుంపు నిజమే గాని, ఆ పిల్లలు ఎర్రగా నారింజ రంగులో ఉంటాయి, వచ్చేది కూడా వానలకే. ఇది మార్చి.

నల్లగీత చూసి పేరు పెట్టడం ఖాకీ చొక్కా చూసి ఆటో డ్రైవరు అనుకోవడం లాంటిది. పోలీసు వేసుకుంటాడు, పోస్ట్‌మ్యానూ వేసుకుంటాడు. రాయలసీమ నీళ్ళలో పక్కన నల్లగీత ఉన్న చిన్న చేపలు ఒకటికి మించి ఉన్నాయి. అందుకని గీత వదిలేసి మూతి చూడండి. పెదవుల పక్కన మీసాలు ఉన్నాయా? ఉంటే ఎంత పొడుగు? ఆ తర్వాత వీపు వాజం నడుము మీద ఉందా, తోక వైపు జరిగి ఉందా? మొప్పల వెనక ఉండే ఛాతీ వాజాలు పొట్టివా, పొడుగ్గా మొనదేలి ఉన్నాయా? బయటికి తీసి చూస్తే మీసాలు ఒంటికి అతుక్కుపోయి కనిపించవు, నీళ్ళలో ఉండగానే చూడండి. చచ్చినదైతే సాసరులో నీళ్ళు పోసి అందులో వేయండి, విడిపోతాయి.

ఆరింటినీ విడివిడిగా చూడండి. ఇది ముఖ్యం.


ఆటో అబ్బీ, కర్నూలు
శుక్రవారం, రాత్రి 9:30

మేడం, మీరు ‘ఆరింటినీ విడివిడిగా’ అన్నప్పుడు, ఎందుకు, అన్నీ ఒకటే కదా అనుకున్నాను. కాదు. వరుసగా చెబుతాను.

మిఠాయి డబ్బా దొరికింది గాని లోపల నెయ్యి జిడ్డు పోవడానికే అరగంట పట్టింది. మా స్టాండు ఎదురుగా మొబైల్ రిపేరు కుర్రోడు ఉన్నాడు, కంటికి తగిలించుకునే భూతద్దం ఒక్క పూటకు అని తెచ్చుకున్నాను. పాప టార్చి పట్టుకుంది. నల్ల కాగితానికి బదులు మా ఆవిడ కుట్టుపని బొంతలోంచి నల్లగుడ్డ ముక్క.

మొదటిది: మూతి దగ్గర ఏమీ లేదు. నున్నగా ఉంది. కింది దవడ కొసన మాత్రం ఒక చిన్న బొడిపె. గీత మళ్ళీ నల్లబడింది, మీరు చెప్పినట్టే.

రెండోది, మూడోది: అట్లాగే.

నాలుగోది వదలగానే పాప, ‘నాన్నా దీనికి దారం చుట్టుకుంది’ అంది. పిన్నుతో తీద్దామని పోయి ఆగినాను. దారం కాదు, మీసం! నోటి పక్క నుంచి రెండు వైపులా వెనక్కి వాలి, ఛాతీ రెక్కను దాటి పొట్ట దాకా ఉంది. వెంట్రుక కన్నా కొంచెం లావు. ముక్కు దగ్గర ఇంకో జత పొట్టివి. ఇంత చేపకు అంత మీసమా అని నేను, మా ఆవిడ, పాప ముగ్గురం తలలు ఆనించి చూసినాం. ఈ చేప ఛాతీ రెక్కలు కూడా పొడుగు, విప్పినప్పుడు కోసుగా. వీపు రెక్క బాగా వెనక్కి, తోకకు దగ్గరగా ఉంది. ముందు మూడింటికీ అది ఇంకాస్త ముందుంది. పక్కపక్కన పెడితే తప్ప తెలియదు. అయిదోది కూడా మీసాలదే.

ఆరోది వేరే కథ. దానికి అసలు గీతే లేదు, బూడిద రంగు, పొట్ట ఉబ్బి ఉంది. గుంపులో ఎట్లా కలిసిందో ఇన్నాళ్ళూ గమనించనే లేదు. దాని సంగతి తర్వాత అడుగుతాను.

చచ్చిన మూడింట్లో ఒకదాన్ని పిల్లి ఎత్తుకుపోయింది. రెండు కిటికీలో ఎండి ఉన్నాయి, పారేయాలని మరిచిపోయినాం. సాసరులో నానబెట్టి చూస్తే రెంటికీ మీసాలున్నాయి. అంటే బయటికి దూకుతున్నది మీసాలవే అన్నమాట!

ఇంకొకటి. నేను గుమ్మంలో ఆటో స్టార్ట్ చేస్తే చాలు, బకెట్టులో అన్నీ ఒక్కసారి అదిరి అడుక్కు పోతాయి. చేపలకు చెవులుంటాయా మేడం?


జువాలజీ మేడం, కడప
శనివారం, ఉదయం 6:45

నేను క్లాసులో వందమందికి చెప్పినా ఇంత శ్రద్ధగా చూడరు. పాపకు నా అభినందనలు. దారం అని మొదట పట్టుకున్నది ఆ పిల్లే.

మీసాలది ఇసోమస్. అక్వేరియం వాళ్ళు ఫ్లయింగ్ బార్బ్ అంటారు, ఎగిరే చేప అని. పొట్ట దాకా వచ్చే మీసాలు, పెద్ద ఛాతీ వాజాలు, వెనక్కి జరిగిన వీపు వాజం, పైకి తిరిగిన నోరు, ఈ నాలుగూ కలిసి మన నీళ్ళలో ఇంత చిన్న చేపకు ఇంకెక్కడా ఉండవు. నీటి పైపొరలో తిరుగుతూ పడిన పురుగుల్ని తింటుంది. బెదిరితే ఎగురుతుంది. మీ నేల మీద పడినవన్నీ ఇవే కావడం వింతేమీ కాదు.

మీసాల్లేనిది రాస్బోరా. కింది దవడ కొసన బొడిపె చూశారే, అది దాని గుర్తుల్లో ఒకటి. పై దవడలో దానికి సరిపోయే నొక్కు ఉంటుంది. గీత పైన మీరు జరీ అన్నారే, అది రాస్బోరాకు బాగా మెరుస్తుంది. మీరు మొదట వర్ణించింది దీన్నే, ఫోటో తీసింది రెండింటినీ కలిపి.

పేర్ల గురించి పాప చార్టుకు పనికొచ్చే ముక్క ఒకటి. 1822లో ఫ్రాన్సిస్ హామిల్టన్ అనే డాక్టరు గంగానది చేపల్ని వర్ణిస్తూ, చాలావాటికి బెంగాలు వైపు జనం పిలిచే పేర్లనే శాస్త్రనామాల్లో పెట్టేశాడు. డాన్రికా, డానికోనియస్, రెరియో అన్నీ ఆ కోవవే. రెరియో అంటే మీరు అనుకున్న జీబ్రా చేప. రాస్బోరాను నిన్నమొన్నటి దాకా అందరూ డానికోనియస్ అనే రాసేవాళ్ళం. 2010లో శ్రీలంక పరిశోధకులు లెక్కలు తీసి, దక్షిణాదిలోనూ శ్రీలంకలోనూ ఉండేది వేరు, అది రాస్బోరా డాండియా అని తేల్చారు. మా కాలేజీ ల్యాబులో సీసా మీద చీటీ ఇంకా పాతదే ఉంది, నేనే మార్చాలి.

ఇసోమస్‌లో ఏ రకమో కూడా కావాలంటే కిటికీలో ఎండిన దాన్ని మళ్ళీ భూతద్దం కింద పెట్టండి. చేప పక్కన పొలుసుల మీద సన్నని రంధ్రాల వరుస ఉంటుంది, పార్శ్వరేఖ అంటారు. నల్లగీత కాదు, అయోమయపడకండి. మొప్పమూత దగ్గర మొదలైన ఆ రంధ్రాలు తోక దాకా పోయాయా, నాలుగైదు పొలుసులకే ఆగాయా? ఆగితే ఇసోమస్ డాన్రికా.

చెవుల సంగతి: బయటికి కనిపించవు గాని లోపల ఉన్నాయి. ఈ జాతి చేపలకు ఒక సదుపాయం, లోపలి గాలితిత్తి నుంచి చెవి దాకా చిన్న ఎముకల గొలుసు. తిత్తికి తగిలిన శబ్దం ఆ ఎముకల మీదుగా చెవికి పోతుంది. చాలా చేపల కన్నా ఇవి బాగా వింటాయి. కొంచెం దూరంగా స్టార్ట్ చేసుకోండి పాపం.


పాత లస్కరు, నందికొట్కూరు
శనివారం, మధ్యాహ్నం 1:15

నేను ఆ కాలువ మీదనే ముప్పై ఏళ్ళు షట్టర్లు తిప్పిన మనిషిని. మేడం చదువుకున్నామె, కాదనను. అయినా మీసాలున్నది మగది, లేనిది ఆడది అనే మేము అనుకునేవాళ్ళం. రెండూ ఒకే గుంటలో ఒకే గుంపులో ఉంటాయి, అన్నిటికీ కలిపి మేము పరిగెలు అంటాం. అసలు పరిగె అంటే ఇంకాస్త వెడల్పు, తోక మొదట్లో గుండ్రని నల్లచుక్క ఒకటి, వీపు రెక్క అడుగున ఇంకొకటి. చట్టిలో పడేది ఎక్కువ అదే. ఈ సన్నవి దానితో పాటు ఊరికే వస్తాయి.

గుంటలోకి ఎట్లొచ్చినాయని అబ్బీ అడగలేదు గాని చెబుతాను. కేసీ కాలువ సుంకేసుల దగ్గర తుంగభద్రలో పుట్టి కడప దాకా పోతుంది. 1860లలో ఇంగ్లీషు కంపెనీ తవ్వించింది, సేద్యానికే కాదు, పడవలు కూడా నడవాలని. కంపెనీ నడపలేక చేతులెత్తేస్తే 1882లో ప్రభుత్వం కొనుక్కుంది. నది నీళ్ళు ఎట్లున్నవి అట్లే కాలువలోకి వస్తాయి కాబట్టి నదిలో ఏ చేప ఉందో కాలువలో అదే ఉంటుంది. నీళ్ళు ఆపినాక అవి డ్రాపుల కింద, అంటే నీళ్ళు మెట్టు దిగి పడే చోట్ల, గుంటల్లో చిక్కుకుంటాయి. కొంగలు, పిల్లలు, మనలాంటివాళ్ళు, తలా కొన్ని.

దూకుడు మాత్రం నిజం. షట్టరు కొంచెం ఎత్తినప్పుడు కింద నురగలోంచి మీసాల చేపలు జానెడు ఎత్తు లేచి పడటం నేను కళ్ళారా చూసినాను. చిన్నప్పుడు మా తెలుగు అయ్యవారు పద్యంలో బేడిస కన్నులు అని వస్తే, బేడిస అంటే తళుక్కున దూకే చిన్న చేపరా, కాలువకు పోయి చూడండి అనేవాడు. నేను ఉద్యోగం చేసిన ముప్పై ఏళ్ళూ చూసింది అదే.


జువాలజీ మేడం, కడప
శనివారం, సాయంత్రం 4:00

పెద్దాయనా, నమస్కారం. మీరు చెప్పిన చుక్కల పరిగె పుంటియస్ సోఫోర్, నూటికి నూరు పాళ్ళు సరి. మగ ఆడ మాట మాత్రం ఒప్పుకోలేను. ఇసోమస్‌లో ఆడదానికీ మీసాలుంటాయి. మీకు వీలైతే ఈసారి గుడ్లతో ఉబ్బిన మీసాల చేప దొరికినప్పుడు చూడండి, దాంతో తేలిపోతుంది.


పాత లస్కరు, నందికొట్కూరు
శనివారం, సాయంత్రం 5:30

చూస్తానమ్మా. మా ఆవిడను అడిగితే, ‘కడిగేటప్పుడు మీసాల వాటిలోనూ జన (గుడ్లు) వచ్చేది, నన్ను ఎప్పుడైనా అడిగినావా’ అంది. ముప్పై ఏళ్ళు నేను పట్టింది చూసినాను, ఆమె కోసింది చూసింది.


ఆటో అబ్బీ, కర్నూలు
శనివారం, రాత్రి 10:10

మేడం, రంధ్రాలు లెక్కపెట్టినాం. ఎండిన దాని మీద మొదట ఏమీ కనిపించలేదు. పాప ఐడియా, కాటుక కొంచెం నీళ్ళలో కలిపి రాసి తుడిచింది, రంధ్రాల్లో నలుపు నిలిచింది. నాకు అయిదు, పాపకు అయిదు, మొబైల్ షాపు కుర్రోడికి ఆరు. ఆ తర్వాత లేవు. అంటే డాన్రికానే కదా? చార్టులో జీబ్రా అన్న చోట తెల్లకాగితం అంటించి రెండు బొమ్మలు వేస్తోంది.

ఇప్పుడు ఆ ఆరో చేప. దాన్ని వేరేగా హార్లిక్స్ సీసాలో పెట్టినాం. ఈ సాయంత్రం చూస్తే సీసాలో ఇరవై దాకా పిల్లలు! ఆవగింజకు తోక తగిలించినట్టున్నాయి. గుడ్లు ఏమీ లేవు, నిన్న రాత్రి నీళ్ళు మార్చినాం కూడా. చేప పిల్లల్ని కంటుందా? మా అమ్మ దిష్టి తీసి వచ్చింది. నాలుగు సెంటీమీటర్లుంటుంది, బూడిద రంగు, తోక గుండ్రం, నోరు పైకి, పొట్ట వెనక భాగంలో నల్లమచ్చ. ఇది కూడా కాలువ చేపేనా?


నీళ్ళ డబ్బా, ప్రొద్దుటూరు
శనివారం, రాత్రి 11:00

అన్నా, నేను అక్వేరియం షాపు నడుపుతాను, ఇది నా సబ్జెక్టు. అది గంబూషియా, దోమల చేప. దోమ పిల్లల్ని తింటుందని మన దేశంలో బావుల్లో, మురుగు కుంటల్లో వదులుతూ వస్తున్నారు. సొంత ఊరు అమెరికా. గుడ్లు పెట్టదు, పిల్లల్నే ఈనుతుంది, నెలకోసారి. పొట్ట వెనక నల్లమచ్చ ఆడదానికే. మగదైతే ఇంకా చిన్నగా, కింద రెక్క పుల్ల మాదిరి సాగి ఉంటుంది. మేడం చెప్పిన చేపలకూ దీనికీ చుట్టరికం లేదు. తోక చూస్తేనే తెలిసిపోతుంది, అవి చీలిక, ఇది గుండ్రం.

పిల్లల్ని వేరే చేయి, లేకపోతే తల్లే మింగేస్తుంది. ఇంకోటి, దాన్ని గాని పిల్లల్ని గాని దయచేసి కాలువలో వదలొద్దు. వేరే చేపల గుడ్లు, పిల్లల్ని తింటుంది, రెక్కలు కొరుకుతుంది. మీసాల చేప గుంటలో ఇది పెరిగితే మీసాల చేప మిగలదు.

మిగతా అయిదింటికి: బకెట్టు మీద దోమతెర ముక్క కట్టి రబ్బరు బ్యాండు వేయి. నీళ్ళు అంచు దాకా కాకుండా నాలుగు వేళ్ళు తగ్గించు. కుళాయి నీళ్ళు అయితే ఒక రోజు మూత లేకుండా నిలబెట్టినాక వాడుకో, క్లోరిన్ పోతుంది. మేత చిటికెడు చాలు. బియ్యప్పిండి వేయకు, నీళ్ళు పాడవుతాయి.


ఆటో అబ్బీ, కర్నూలు
ఆదివారం, రాత్రి 9:50

దోమతెర కట్టినాం. ఈ రోజు పొద్దున నేల మీద ఏమీ లేదు. రాత్రి మాత్రం తెరకు లోపలి నుంచి టప్ టప్ అని తగిలే చప్పుడు రెండుసార్లు విన్నాను.

ఈ సాయంత్రం పాపా నేనూ మళ్ళీ గట్టుకు పోయి అదే గుంటలో మూడు రాస్బోరాలు, రెండు ఇసోమస్‌లు వదిలేసినాం. పెద్దాయనా, మీ మాట గుర్తొచ్చి గుంట పక్కన కాసేపు కూర్చున్నాం. నీళ్ళు అప్పటికే పోయినవారం కన్నా బెత్తెడు తగ్గినాయి. పాప గులకరాయి వేస్తే ఒకటి లేచింది, జానెడు కాదు గాని నాలుగు వేళ్ళెత్తు. చెప్పు దొరకలేదు.

గంబూషియా సీసా కిటికీలోనే ఉంది. పద్దెనిమిది పిల్లలు. మా మేడ మీద నీళ్ళ తొట్టిలో దోమలున్నాయి, అది ఎక్కడికీ పారదు, అందులో వేసుకుంటాను.

చార్టు అయిపోయింది. పాప మీసాలు గీయడంలో ఉత్సాహపడి చేప కన్నా పొడుగు గీసింది. తగ్గించమంటే, ‘దూరం నుంచి టీచరుకు కనిపించాలి కదా’ అంది. కింద ‘రాస్బోరా డాండియా, ఇసోమస్ డాన్రికా, కేసీ కాలువ, కర్నూలు’ అని రాసింది. అంటించిన తెల్లకాగితం కింద జీబ్రా అన్న అక్షరాలు వెలుతురులో పెడితే ఇంకా కనిపిస్తున్నాయి. మా అమ్మ మాత్రం చార్టు చూసి, ‘ఇన్ని రోజులు చూసినారు, ఒక్కటైనా కూరలో పడలేదు’ అని లోపలికి పోయింది.